చలి సోఫీ దాటాక గోంగూర

మాది కపిలేశ్వరపురం. గౌతమి ఒడ్డున ఉంటుంది. హరికథ పాఠశాల ఉన్న ఊరు అంటే పెద్దవాళ్లు కొందరు గుర్తుపడతారు, మిగతావాళ్లకి మండపేట దగ్గర అని చెప్పుకోవాలి. ఇప్పుడు నేనుంటున్నది జర్మనీలో, న్యూరెంబర్గ్‌కి గంట దూరంలో ఉన్న ఒక పల్లెలో. ఎమ్మెస్‌కి వచ్చిన మనవాళ్లంతా మ్యూనిక్, బెర్లిన్‌లలో గదుల కోసం తిరుగుతుంటే, నాకు ఉద్యోగం దొరికిన ఫ్యాక్టరీ పొలాల మధ్య ఉంది. దాంతో ఇల్లూ పల్లెలోనే తీసుకున్నాను. ఒక చర్చి, ఒక బేకరీ, బోలెడు ట్రాక్టర్లు. ఆదివారం బస్సు రాదు.

ఇల్లంతా వీడియోలో తిప్పి చూపిస్తే అమ్మ వంటగది చూడలేదు, హీటరు చూడలేదు. "ఆ వెనకాల జాగా మనదేనా? ఖాళీగా ఉంచకే" అంది.

అమ్మ లంకల్లో పుట్టిన మనిషి. అక్కడ వరదొస్తే పాదులన్నీ పోతాయి, గోదారి తీసాక ఒండ్రు మీద మళ్లీ మొదలెట్టాలి. 1986 ఆగస్టు వరదలో నీళ్లు గుమ్మం ఎక్కుతుంటే అమ్మమ్మ ఇంట్లోంచి ముందు పట్టుకున్నది విత్తనాల డబ్బానట. ఆ అలవాటు అమ్మకీ వచ్చింది. బీర, ఆనప, చిక్కుడు, గోంగూర, అన్నీ పాత చీర ముక్కల్లో మూటలు కట్టి, బూడిద కలిపి దాస్తుంది. సంక్రాంతికి వెళ్లినప్పుడు ఆ మూటలు నా సూట్‌కేసు పక్కన సిద్ధంగా పెట్టింది.

తీసుకురాలేదు. 2019 డిసెంబర్ 14 నుంచి ఐరోపా సమాఖ్యలోకి బయటి దేశాల విత్తనాలు తేవాలంటే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ ఉండాలి. అంటే తెగుళ్లూ పురుగులూ లేవని అధికారులు పరీక్షించి ఇచ్చే కాగితం.

"గోంగూర గింజలకి సర్టిఫికెట్టా? అవేమన్నా చదువుకున్నాయా?" అంది అమ్మ.

నవ్వొచ్చింది గానీ, ఆ నియమం మీద నాకు కోపం రాలేదు. ఎక్కడో మధ్య అమెరికాలో పుట్టిన తెల్లదోమ 2016లో మన దేశంలో కనబడింది. ఆ తర్వాత గోదావరి జిల్లాల్లో కొబ్బరాకులు మసి పట్టి ఎలా నల్లబడ్డాయో చూసినవాళ్లం మనం. ఇంకొకరి పొలానికి మన వల్ల అలాంటిది రాకూడదు కదా. అయినా ఆ మూటల్ని అమ్మ ఒక్కొక్కటే తిరిగి డబ్బాలో సర్దుతుంటే చూడలేక బయటికి వెళ్లి కూర్చున్నాను.

గోంగూర గింజలు చివరికి ఇక్కడే కొన్నాను. ఎర్ర గోంగూర ఇక్కడివాళ్లకి తెలియక కాదు. దాని పువ్వు కింద ఉండే ఎర్రటి రేకల్ని ఎండబెట్టి, 'హిబిస్కస్ టీ' అని మరిగించుకుని తాగుతారు. పక్కింటి పెద్దావిడకి ప్యాకెట్ చూపిస్తే "ఓ, టీ మొక్క!" అంది. ఆకు తింటామని చెబితే నమ్మలేదు.

ఈ పెద్దావిడ లేకపోతే నా పెరడు లేదు. ఏప్రిల్లో నాలుగు రోజులు ఎండ కాసేసరికి మడి తవ్వుతున్నాను. కంచె దగ్గరికొచ్చి, "తవ్వండి, కానీ సోఫీ వెళ్లేదాకా ఏమీ నాటకండి" అంది. ఎవరీ సోఫీ అనుకున్నాను. మే 11 నుంచి 15 వరకు వచ్చే సెయింట్ల రోజుల్ని ఇక్కడ 'ఐస్‌హైలిగె' అంటారు, మంచు మునులు అనుకోండి. ఆఖరి రోజు 'కాల్టె సోఫీ', చలి సోఫీ. ఆ రోజుల దాకా రాత్రిళ్లు మంచు పడి లేతమొక్కలు చచ్చిపోయే ప్రమాదం ఉంటుంది. మనకి మృగశిర, రోహిణి కార్తెలు ఎలాగో వీళ్లకి సోఫీ అలాగ. శాటిలైట్లు వాతావరణం చెప్పే దేశంలో కూడా ముసలివాళ్లు కార్తెలే నమ్ముకున్నారని తెలిసి నాకెందుకో ధైర్యం వచ్చింది. కిటికీ దగ్గర కుండీల్లో నారు పోసుకుని ఆగాను. మే 13 తెల్లవారి చూస్తే గడ్డంతా తెల్లగా ఉంది.

ఆ తర్వాత అసలు శత్రువులు వచ్చారు: గుల్లలేని నత్తలు. వాన పడితే చాలు, రాత్రికి రాత్రి మెంతికూర మడి మాయం. రాత్రి పదింటికి టార్చి పట్టుకుని నేనూ ఆవిడా నత్తలు ఏరేవాళ్లం. అలా ఏరుతూ ఒక రాత్రి ఆవిడే "ఇంక నన్ను నువ్వు అను" అంది. జర్మన్‌లోనూ మీరు, నువ్వు ఉన్నాయి, పెద్దవాళ్లు అనుమతిస్తేనే నువ్వు అనాలి. నాకు మాత్రం నోరు తిరగలేదు. మా ఊళ్లో ఆ వయసు ఆవిడని నువ్వంటే అమ్మ వీపు విమానం మోత మోగిస్తుంది.

గోంగూర అయితే విరగ్గాసింది. జూన్‌లో ఇక్కడ పగలు పదహారు గంటలు, రాత్రి తొమ్మిదింటికి కూడా వెలుగే. అమ్మకి ఫోన్లో చూపిస్తే, "పువ్వేది?" అంది. జులై, ఆగస్టు... ప్రతి వారం అదే ప్రశ్న. పువ్వు రాలేదు. గోంగూర రాత్రి ఎంత పొడవుందో కొలుచుకుని పూస్తుంది, లోపల టైమర్ ఉన్నట్టే. పగలు పన్నెండు పన్నెండున్నర గంటలకి తగ్గితేగానీ మొగ్గ వెయ్యదు. మన దగ్గర అతి పెద్ద పగలే సుమారు పదమూడు గంటలు కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఇక్కడ పగలు అంత తగ్గేసరికి సెప్టెంబర్ సగం దాటుతుంది, అక్టోబర్లో మంచు పడి మొక్క పోతుంది. ఆకు ఎంతైనా ఇస్తుంది, గింజ ఇవ్వదు.

ఇదంతా వివరంగా చెప్పాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. "అయితే ఏటా కొనుక్కోవాల్సిందేనా? డబ్బాలో దాచుకోడానికి ఏమీ ఉండదా?" అంది. గింజల గురించే అడిగిందో, ఇంకేమైనా అడిగిందో తెలీలేదు.

అక్టోబర్లో పెద్దావిడ ఆపిల్ మొక్క ఇస్తానంది. ఆకులు రాలాక నాటితే వేరు పట్టుకుంటుందట, కాయడానికి నాలుగేళ్లు పట్టచ్చు. ఇంటి ఓనరు సరేనన్నాడు. నేనే వారం రోజులు ఏమీ చెప్పలేకపోయాను. తోటకూర వేసుకున్నవాళ్లు ఎప్పుడైనా ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోవచ్చు. నాలుగేళ్ల చెట్టు సంగతి అమ్మకి చెప్పాలి.

చెప్పాను. ఫోన్ పెట్టేస్తుందేమో అనుకున్నాను.

"ఎంత గొయ్యి తీసావు?" అంది.

"ఇంకా తియ్యలేదమ్మా."

"మోకాలి లోతు తియ్యి. పశువుల ఎరువు దొరుకుద్దా అక్కడ?"

దొరుకుతుంది. మా వీధి చివర్నే ఆవుల కొట్టం ఉంది. శనివారం తట్ట పట్టుకుని వెళ్లాలి.