ఆ ఊళ్ళో కీచురాళ్ళు అరిస్తే...

దెయ్యాల కథ అనగానే మనకు కొన్ని లెక్కలున్నాయి. పాడుబడ్డ బంగళా ఒకటుండాలి. తలుపు కిర్రుమనాలి. తెల్లచీర, చేతిలో కొవ్వొత్తి, వెనకాల ఒక పాట! హాల్లో కూర్చున్న కుర్రాళ్ళు భయపడడం మాట అటుంచి ఈలలు వేసి మరీ స్వాగతం చెబుతారు.

ఈ లెక్కల్లో ఒక్కటీ లేకుండా, పట్టపగలు, పచ్చటి వరిచేల మధ్య, బడికెళ్ళే ఐదుగురు పిల్లల నవ్వుల్లోంచి వెన్నులో చలి పుట్టించే కథ ఒకటుంది. అదీ బొమ్మల కథ! పేరు ‘హిగురాషి నో నాకు కోరో ని’. హిగురాషి అంటే మన కీచురాయికి దూరపు చుట్టం లాంటి పురుగు. చెట్టు బెరడు పట్టుకుని, పొద్దు వాలే వేళ గొంతెత్తుతుంది. ఆ పురుగులు అరిచే వేళ - అదీ పేరుకు అర్థం. ఈ కథకు నమూనా అయిన ఊరు జపాన్‌లో నిజంగానే ఉంది. పదండి, ఈ వారం అక్కడికే వెళ్దాం.

ఊరి పేరు షిరకావా-గో. గిఫు రాష్ట్రంలో కొండల మధ్య ఒదిగి ఉంది. తకయామా పట్నంలో బస్సెక్కితే సుమారు గంట ప్రయాణం. దారిలో హిదా సొరంగం వస్తుంది. పొడవు 10 కిలోమీటర్ల పైమాటే! 2008లో తెరిచారు. బస్సు అందులో దూరగానే, బొమ్మ వేసేముందు హాల్లో లైట్లు ఆర్పినట్టు చీకటి. మాటలన్నీ వాటంతట అవే ఆగిపోతాయి. ఇక అయిపోదేమో అనుకుంటుండగా ఒక్కసారి వెలుగు. కొండలు, నది, కాసేపటికి గడ్డికప్పుల ఇళ్ళు. ఏ కళాదర్శకుడూ ఇంతకంటే మంచి ఎంట్రీ ఇవ్వలేడు.

ఒగిమాచి అనే పల్లె ఇక్కడ ముఖ్యం. ఇళ్ళ కప్పులు రెండు చేతులు జోడించి నమస్కారం పెట్టినట్టుంటాయి. ఆ కట్టడానికి పేరే ‘గస్షో’, అంటే జోడించిన చేతులు. చలికాలంలో ఇక్కడ పడే మంచు సామాన్యమైంది కాదు. అది నిలవకుండా జారిపోవాలని కప్పును అంత నిటారుగా కట్టారు. కప్పు చట్రానికి ఇనుప మేకులుండవు. తాళ్ళతోనూ, మెత్తబరచిన లేతకొమ్మలతోనూ బిగించి కడతారు. గాలి విసిరినా మంచు మీదపడినా కట్టు కాస్త సాగుతుంది గానీ విరగదు. పాతరోజుల్లో అటకల మీద పట్టుపురుగులు పెంచేవాళ్ళు. నేల కింద గోతుల్లో సురేకారం తయారుచేసేవాళ్ళు. 1995లో యునెస్కో ఈ ఊరిని, పక్కనున్న గొకయామాను కలిపి ప్రపంచ వారసత్వ సంపద జాబితాలో చేర్చింది.

జూన్ నెల అయితే మరీ బాగుంటుంది. నాటు పడిన మళ్ళల్లో నీళ్ళు, ఆ నీళ్ళలో తలకిందులుగా ఇళ్ళు. కథ జరిగేది కూడా సరిగ్గా జూన్‌లోనే. సంవత్సరం 1983. కథలో ఊరి పేరు మాత్రం హినామిజావా.

ఇంతకీ కథేమిటంటారా? కెయిచి అనే కుర్రాడు పట్నం నుంచి ఆ ఊరికి కొత్తగా వస్తాడు. బళ్ళో ఒకటే గది, చిన్నా పెద్దా అందరికీ అదే తరగతి. రేనా, మియోన్, సతోకో, రికా అనే నలుగురమ్మాయిలు అతన్ని తమ జట్టులో కలుపుకుంటారు. బడి వదిలాక పేకాట, ఓడినవాళ్ళకు అల్లరి శిక్షలు. పెద్దపెద్ద కళ్ళు, రంగురంగుల జుట్టు, కిలకిలలు. మొదటి భాగంలో సగం అయ్యేసరికి, ‘చిన్నపిల్లల బొమ్మల్లే ఉంది, కట్టేద్దాం’ అనిపిస్తుంది చాలామందికి. కట్టకండి! ఆ కిలకిలలన్నీ లెక్కప్రకారం పెట్టినవే.

ఎందుకంటే ఆ ఊళ్ళో ఏటా ‘వతానగాషి’ అని ఒక ఉత్సవం జరుగుతుంది. పాత పరుపుల్లోని దూదిని ఏట్లో వదిలే పండగ. నాలుగేళ్ళుగా ఆ రాత్రే ఒకరు చచ్చిపోతున్నారు, ఒకరు మాయమవుతున్నారు. ఊరి దేవత ఓయాషిరో-సామా శాపమని గుసగుస. కెయిచి అడిగితే మాత్రం, అలాంటిదేం లేదని స్నేహితులే దాస్తారు. అక్కడ మొదలవుతుంది అనుమానం.

రెండో భాగంలో ఒక సన్నివేశం ఉంది. కెయిచీ రేనా నడుచుకుంటూ వస్తుంటారు. ఒక పోలీసాయనతో మాట్లాడిన సంగతి అతను ఆమె దగ్గర దాస్తాడు. నువ్వేమైనా దాస్తున్నావా అని నవ్వుతూనే అడుగుతుంది. లేదంటాడు. అంతవరకూ పాలబుగ్గల పసిపిల్లలా ఉన్న రేనా ముఖం ఒక్క షాట్‌లో మారిపోతుంది. అబద్ధమాడుతున్నావని గద్దిస్తుంది చూడండీ... రక్తం లేదు, కత్తి లేదు, దెయ్యం లేదు. ఉన్నదల్లా ఒక అమ్మాయి గొంతు. రేనాకు గొంతిచ్చిన నకహరా మాయి ఆ ఒక్క అరుపుతో మేకప్పులూ ట్రిక్కులూ చెయ్యలేని పని చేసేసింది. బొమ్మల సినిమాలో గొంతే సగం నటన. డబ్బింగ్ కళాకారులను చిన్నచూపు చూసేవాళ్ళు ఈ సీను చూడాలి.

నాలుగో భాగంతో ఆ కథ ఘోరంగా ముగుస్తుంది. మన హీరోయే పోతాడు! సరే, అయిపోయిందనుకుని ఐదోది పెడితే - మళ్ళీ అదే జూన్, అదే బడి, అందరూ బతికే ఉన్నారు, అదే పేకాట. ఎవరూ ఏమీ వివరించరు. ప్రొజెక్టర్ ఆపరేటర్ రీళ్ళు తారుమారు చేశాడేమో అనిపిస్తుంది. కాదు. కథే అంత. కొన్ని అధ్యాయాలు ప్రశ్నలు వేస్తాయి, తర్వాతి అధ్యాయాలు జవాబులు చెబుతాయి. ఈలోగా కాగితం, పెన్సిలు తీసుకుని మనమే డిటెక్టివ్‌లమైపోతాం. ‘ఇది శాపమా, మనిషి పనా, లేక ఈ కుర్రాడి భ్రమా?’ - ఈ మూడు ప్రశ్నల మధ్య తిప్పుతూనే, ఎక్కడో మనకు తెలియకుండానే కథ మనల్ని తనవైపు లాగేసుకుంటుంది.

దీన్ని రాసింది ర్యూకిషి 07 అనే కలంపేరున్న రచయిత. 2002 ఆగస్టులో టోక్యోలో జరిగే కామిక్ మార్కెట్ అనే పెద్ద సంతలో మొదటి భాగం అమ్మకానికి పెట్టారు. కంప్యూటర్‌మీద బొమ్మలూ సంగీతమూ వస్తుంటే చదువుకునే నవల అది. పెద్ద కంపెనీ లేదు, కొద్దిమంది మిత్రుల బృందమే. నోటిమాట మీద ఆడిన చిన్న సినిమాలు మనకూ తెలుసు కదా, అలాగే ఇదీ పాకింది. 2006లో స్టూడియో డీన్ వాళ్ళు 26 భాగాల టీవీ సీరియల్‌గా తీశారు. దర్శకురాలు కోన్ చియాకి. సంగీతం కవాయి కెంజి. ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’కు సంగీతమిచ్చిన ఆయనే. 2007లో రెండో సీరియల్ వచ్చింది, జవాబులన్నీ అందులో దొరుకుతాయి. 2008లో మనుషులతోనూ సినిమా తీశారు.

ఊళ్ళో తిరుగుతుంటే అడుగడుగునా సీన్లు గుర్తొస్తాయి. ముఖ్యంగా షిరకావా హచిమాన్ గుడి. కథలో రికా వాళ్ళ ఫురుదే గుడికి ఇదే నమూనా. పెద్దపెద్ద దేవదారు చెట్ల కింద చల్లటి నీడ, రాతిమెట్లు. నిజానికి ఇక్కడి అసలు పండగ అక్టోబర్‌లో. దేవుడికి నైవేద్యం పెట్టిన తెల్లటి చిక్కటి బియ్యపు సారాయి అందరికీ ప్రసాదంగా పోస్తారు. సింహనృత్యం కూడా ఉంటుంది. దూదీ లేదు, హత్యలూ లేవు, కంగారుపడకండి! మొక్కులు రాసుకుని కట్టే చెక్కపలకలు మాత్రం ఆగి చూడండి. పరీక్ష పాసవ్వాలి, ఆరోగ్యం బాగుండాలి అనే మొక్కుల పక్కనే రేనా, రికాల బొమ్మలు! దూరాల నుంచి వచ్చిన అభిమానులు తమ చేత్తో వేసి కట్టినవి. మనవాళ్ళు హీరో కటౌట్‌కు దండ వేస్తే, వీళ్ళు దేవుడి గుళ్ళోనే బొమ్మ కట్టారు. అభిమానం ఎక్కడైనా అభిమానమే.

గుడి దాటి నది ఒడ్డుకు వస్తే దేఆయ్-బాషి అనే వేలాడే వంతెన. పొడవు వంద మీటర్ల పైచిలుకు. కింద షో నది నీలంగా, తొందరగా పారుతుంటుంది. అసలు కథ వెనక కథ ఈ నీళ్ళలోనే ఉంది.

సీరియల్లో హినామిజావాను ముంచేలా ఒక ఆనకట్ట తలపెడతారు. ఊరంతా ఒక్కటై ఎదిరిస్తుంది. ఆ పనిమీదికి వచ్చిన మేస్త్రీ హత్యే మొదటి ‘శాపం’. ఆనకట్ట ఆగిపోతుంది, ఊరు నిలుస్తుంది. కానీ ఆ పోరాటంలో ఎవరు ఎటు నిలబడ్డారు, ఎవరిని వెలివేశారు అన్న పగలు మాత్రం మిగిలిపోతాయి.

ఇది గాలిలోంచి పుట్టింది కాదు. ఇదే షో నది మీద ఎగువకు వెళితే మిబోరో ఆనకట్ట కనిపిస్తుంది. రాళ్ళూ మట్టీ పోసి కట్టారు, ఎత్తు 131 మీటర్లు, 1961లో పూర్తయింది. దానికింద మునగబోయే పల్లెలవాళ్ళు 1953లో ఒక సంఘం పెట్టుకున్నారు. ఆ పేరులో ‘షిషు’ అనే మాట ఉంది. ప్రాణం పోయినా వదలం అని అర్థం. సీరియల్లో ఊరివాళ్ళు పెట్టుకున్న సంఘం పేరులోనూ అదే మాట! ఒక్కటే తేడా. కథలో ఊరు గెలిచింది. ఇక్కడ ఓడింది. 1959లో సంఘాన్ని మూసేశారు, కుటుంబాలు మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోయాయి. శ్రీశైలం జలాశయం కింద ఊళ్ళు మునిగిన సంగతి తెలిసిన మనకు ఆ మూటల బరువు విడమరిచి చెప్పక్కర్లేదు.

మిగిలినవి రెండు చెర్రీ చెట్లు. మునగబోయే గుళ్ళలోవి, నాలుగు వందల ఏళ్ళు దాటినవి. ఆనకట్ట కట్టిన సంస్థ తొలి అధ్యక్షుడు తకసాకి తత్సునోసుకే పూనుకుని 1960లో వాటిని వేళ్ళతో పెళ్ళగించి గట్టుమీదికి చేర్పించాడు. బతకవన్నారు. బతికాయి. ఇప్పటికీ ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో జలాశయం ఒడ్డున పూస్తాయి.

మరి దిగువనున్న ఒగిమాచి ఎలా నిలిచింది? అదీ ఊరి కట్టుబాటుతోనే. 1971లో ఊరివాళ్ళు మూడు మాటలు రాసుకున్నారు: ఇల్లు అమ్మకూడదు, అద్దెకివ్వకూడదు, పడగొట్టకూడదు. ఒక ఇంటి కప్పు మార్చాలంటే వంద మందికి తక్కువ కాకుండా జనం కావాలి. ఇవాళ మీ ఇంటికి మేమొస్తాం, రేపు మా ఇంటికి మీరు రండి అనే ఈ పద్ధతికి ‘యుయి’ అని పేరు. ఒక్కడి వల్ల అయ్యే పనే కాదు. ఊరితో పొత్తు లేనివాడి ఇల్లు వానకు తడవాల్సిందే.

సీరియల్ వెయ్యి దెయ్యాల సినిమాలకంటే ఎక్కువ భయపెట్టేది సరిగ్గా ఇక్కడే. ఊరిని కాపాడిన ఐకమత్యమే కొత్తగా వచ్చినవాడికి కుట్రలా కనిపిస్తుంది. నలుగురూ నవ్వితే, నన్ను చూసి నవ్వుతున్నారా అనిపిస్తుంది. ప్రేమతో తెచ్చిన తినుబండారంలో విషముందేమో అనిపిస్తుంది. కొత్త కాలేజీలో, కొత్త హాస్టల్లో అడుగుపెట్టిన ప్రతివాళ్ళకూ ఈ భయం కాస్తో కూస్తో తెలుసు. అడిగితే పోయే అనుమానాన్ని అడక్క పెంచుకున్న ప్రతిసారీ ఈ కథలో ఒక ప్రాణం పోతుంది. ఒక్కడు నోరు తెరిచి స్నేహితులతో ఉన్నదున్నట్టు చెప్పిన రోజున... ఉహూఁ, అంతకుమించి చెబితే మీరు ఊరుకోరు!

ఆ రాత్రి నేను ఒక గస్షో ఇంట్లోనే బస చేశాను. నేలలో పొయ్యి, పొగచూరిన దూలాలు. పొద్దు గుంకుతుంటే కొండమీంచి మొదలైంది - ‘కనకనకన’మని, గాజుగిన్నె అంచున వేలు రాసినట్టు సన్నగా, దిగులుగా. ఒక్కటి అందుకోగానే అడవంతా అందుకుంది. కవాయి కెంజి తన సంగీతంలో దీన్నెందుకు అంత భద్రంగా దాచుకున్నాడో అర్థమైంది. చీకటి పడ్డాక కిటికీ బయట అడుగుల చప్పుడు వినిపించింది. సీరియల్లో మనిషి ఆగాక కూడా వెనక ఒక అడుగు అదనంగా వినిపిస్తుంది. అది గుర్తొచ్చి ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. పొద్దున్న ఇంటావిడను అడిగితే నవ్వింది. గడ్డికప్పుల ఊరు కదా, నిప్పురవ్వ పడితే ఊరంతా బుగ్గే. అందుకని ఊరివాళ్ళే వంతులేసుకుని గస్తీ తిరుగుతారట. నన్ను భయపెట్టిన ఆ అడుగు నా నిద్రకు కాపలా అన్నమాట!

మీరూ వెళితే ఇది మనుషులు కాపురముంటున్న ఊరని మరిచిపోకండి. పెరళ్ళలో దూరద్దు, సిగరెట్ జోలికి పోవద్దు. సీరియల్ చూస్తే రక్తపాతం దండిగా ఉంటుంది, పసిపిల్లలను పక్కన కూర్చోబెట్టుకోవద్దు. ఒంటరిగా కాక నలుగురు మిత్రులతో చూడండి. ఒక్కో అధ్యాయం అవగానే దోషి ఎవరో చీటీ మీద రాసి దాచుకోండి. ఇక హంతకుడెవరు, శాపం నిజమేనా అంటారా? మన పాటల పుస్తకాల చివర వేసినట్టు - మిగతా కథ తెరమీద చూడగలరు.