జంటపట్టముల చదువు - బ్రౌన్ష్వైగు పట్టణము

జర్మనీదేశపు టుత్తరభాగమున, ఓకరు అను చిన్నయేటి యొడ్డున బ్రౌన్ష్వైగు అను పట్టణము గలదు. బెర్లిను నుండి పడమటికి రైలులో గంటన్నర ప్రయాణము. యాత్రికులు పారిసునకును, రోమునకును పోవుదురు గాని యీ యూరికి పనిగట్టుకొని వచ్చువారు తక్కువ. మేము పోయినది మాత్రము పనిగట్టుకొనియే. ఇంజనీరింగు చదువు పిల్లలు రెండుదేశముల నడుమ చదివి రెండు పట్టములను పుచ్చుకొను పద్ధతి యొకటి యీ యూరితో ముడివడి యున్నదని వింటిమి. పిల్లను పైదేశము పంపుదుమా, పంపిన నెన్నాళ్ళు, ఏమి చదివించుటకు అను చర్చ నేడు మన తెలుగిండ్లలో ప్రతిపూటయు జరుగుచున్నదే గదా! కన్నులార చూచి వచ్చి సోదరీమణులకు చెప్పుదమని బయలుదేరితిమి.

దారిలో వోల్ఫ్సుబర్గు అను స్టేషనున రైలాగినప్పుడు కాలువ కావలియొడ్డున నాలుగు పొగగొట్టములుగల పెద్దకట్టడము కనబడును. అది వోక్సువాగను మోటారుకార్ల కర్మాగారమునకు చెందిన విద్యుత్కేంద్రము. యంత్రములు చేయు సీమలోనికి వచ్చితిమని దానిని చూడగనే తెలియును.

బ్రౌన్ష్వైగున స్టేషను ఊరికి కొంచెము దూరము. ట్రామెక్కి నడియూరు చేరవచ్చును. పాతకోట ముంగిట నొక కంచుసింహము నోరు తెరచి నిలుచున్నది. ఈ సీమ నేలిన హెన్రీ ప్రభువునకు సింహమని బిరుదు. ఆయన 1166 ప్రాంతమున దీనిని పోతపోయించెను. అసలు విగ్రహమును ఎండవానలు సోకకుండ కోటలో దాచి, దాని ప్రతిరూపమును బయట నిలిపిరి. 1944వ సంవత్సరము అక్టోబరు 14, 15 తేదీల నడిమి రాత్రి పడిన బాంబులకు నడియూరు చాలవరకు కాలిపోయినది. ప్రభువుల నగరును 1960లో పూర్తిగా పడగొట్టి, 2007 నాటికి ముఖభాగమును మరల వెనుకటివలెనే కట్టిరి. లోపల నున్నవి మాత్రము అంగళ్ళు! రాజుగారి వాకిలియని భక్తితో నడుగుపెట్టి చెప్పులదుకాణమున తేలితిమి.

ఇక మేము వచ్చినపని. 1745లో ఇచటి ప్రభువు కారోలీనుకళాశాల యను విద్యాలయమును స్థాపించెను. అదియే క్రమముగా పెరిగి నేటి సాంకేతిక విశ్వవిద్యాలయ మైనది. జర్మనీలో నిట్టి విద్యాలయములలో నిదియే పురాతనము. గణితశాస్త్రమున చక్రవర్తివంటివాడగు గౌసు 1777లో నీయూర పేదయింట పుట్టి, ప్రభువు దయవలన నిచట చదివెను. ఆయన విగ్రహము క్రింద పదునేడు కోణముల నక్షత్రము చెక్కియున్నది. కాని మా మనస్సు నాకర్షించినది గౌసు కాదు, ఈ విద్యాలయమున విద్యార్థినిగా నెన్నడును చేరజాలని యొక స్త్రీ.

ఆమె పేరు ఆగ్నెసు పోకెల్సు. 1862లో వెనిసు నగరమున పుట్టి, 1871లో తలిదండ్రులతో నీయూరు చేరెను. బాలికల పాఠశాలలో చదువుకొన్నది. ప్రకృతిశాస్త్రమన్న ప్రాణము. కాని యాకాలమున విశ్వవిద్యాలయము వాకిలి ఆడుదానికి మూసియుండెను. తమ్ముడు ఫ్రెడరికు గొట్టింగెనున భౌతికశాస్త్రము చదువ బోయెను. అక్క యింట నుండి రోగులైన తలిదండ్రులకు శుశ్రూష చేయుచు వంటయిల్లు చూచుకొనెను. తమ్ముని పుస్తకములే యామెకు గురువులు.

అంట్లు తోముచో నీటిపై జిడ్డు పొరగట్టుట మనమందరము చూచినదే. కుంకుడురసము చుక్క తగులగానే యా పొర చెదరిపారును. ఎందుకట్లగునని మనలో నెందరడిగితిమి? ఆమె యడిగెను. ఇరువదియేండ్ల ప్రాయముననే తగరపురేకు తొట్టి యొకటి సిద్ధపరచి, అంచులవరకు నీరు నింపి, పైన అడ్డముగా రేకుపట్టీ నుంచి, దానిని ముందునకు వెనుకకు జరుపుచు నీటిమొగమును కుదించుచు విప్పుచు చూచెను. చిన్నబిళ్ళను నీటిపై నానించి, దానిని పైకి లాగుటకెంత బలము వలయునో త్రాసుతో తూచెను. ఇట్లు సుమారు పదియేండ్లు. 1891లో ఇంగ్లండున రేలీ ప్రభువును ఇట్టి శోధనయే చేయుచున్నాడని తెలిసి ఆయనకు జర్మనుభాషలో నొక జాబు వ్రాసెను. దాని నాంగ్లమున తెనిగించినది, కాదు, ఆంగ్లీకరించినది ఆయన భార్య! రేలీ దానిని 'నేచరు' పత్రికకు పంపి అచ్చువేయించెను. ఆ తొట్టినే మెరుగుపరచి పనిచేసిన అమెరికాశాస్త్రజ్ఞుడు లాంగ్ముయిరునకు 1932లో నోబెలు బహుమాన మబ్బినది. అదే 1932లో, డెబ్బదియేండ్ల ఆగ్నెసునకు ఊరి విద్యాలయము గౌరవడాక్టరు పట్టము నిచ్చినది. మూడేండ్లకు ఆమె కన్నుమూసెను. నేడా విశ్వవిద్యాలయమున బడిపిల్లలు రసాయనప్రయోగములు చేయు శాల కామె పేరే పెట్టియున్నారు.

ఆనాడామెకు మూసియున్న వాకిలిలోనికి నేడు సముద్రములు దాటి యాడుపిల్లలు వచ్చుచున్నారు. అమెరికాలో రోడుఐలెండు అను మిక్కిలి చిన్నరాష్ట్రము గలదు. అచటి విశ్వవిద్యాలయమున 1987లో జర్మనుభాషాచార్యుడు జాన్ గ్రాండినును, ఇంజనీరింగు శాఖాధిపతియు కలసి యొక చదువు నేర్పరచిరి. విద్యార్థి యైదేండ్లు చదివి ఇంజనీరింగున నొక పట్టమును, జర్మనుభాషలో నొక పట్టమును పుచ్చుకొనవలెను. నాలుగవయేడు విదేశవాసము: సగమేడు బ్రౌన్ష్వైగు విశ్వవిద్యాలయమున జర్మనుభాషలోనే పాఠములు, సగమేడు జర్మనుకర్మాగారమున జీతముపై పని. ఇది ఫలింపగా తరువాత ఫ్రెంచి, స్పానిషు, చైనా మున్నగు భాషలతోను ఇట్టిదే యారంభించిరి. పై తరగతులలో రెండు విశ్వవిద్యాలయములును చెరియొక మాస్టరుపట్టము నిచ్చు ఏర్పాటు కూడ నున్నది.

ఇంజనీరునకు భాషాపట్టమెందుకని నవ్వువారున్నారు. మాకు మాత్ర మిందలి తెలివి యంతయు నచ్చటనే యున్నదని తోచినది. యంత్రము లెక్కలు ఏదేశమున నైన నొకటే. ఆ యంత్రముచెంత నిలుచున్న పనివాడు తన తోడివానితో చెప్పు మాట వేరు. అది తెలియనివాడు కర్మాగారమున నెన్నాళ్ళున్నను చుట్టమువలె నుండవలసినదే.

మాకు ట్రాములో నొక తెలుగుపిల్ల తారసపడినది. మా చీరను చూచి, "పిన్నిగారూ, మీరు తెలుగువారా?" అని పలుకరించినది. తలిదండ్రులు గుంటూరుసీమ వారట. ఆమె పుట్టిపెరిగినది అమెరికాలో. రోడుఐలెండునుండి వచ్చి యీ చదువే చదువుచున్నది. "మొదటి పక్షము తరగతిలో ఒక్క ముక్కా తెలియలేదండీ. గదికి వచ్చి ఏడ్చేదాన్ని. ఇప్పుడు కూరగాయల అంగట్లో బేరం కూడా ఆడుతున్నా," నని నవ్వినది. ఇంటివారేమనిరని యడిగితిమి. "నాన్నగారు సరేనన్నారు. తెనాలిలో అమ్మమ్మే, నాలుగేళ్ళ చదువు అయిదేళ్ళు చేస్తావా, పెళ్ళెప్పుడు చేసుకుంటావే అని ఫోనులో దెబ్బలాడింది. పిన్నిగారూ, మీరే చెప్పండి, ఆ ఒక్క ఏడూ నాకు మళ్ళీ ఎవరిస్తారు?" అనెను. మేము వెంటనే బదులు చెప్పలేదు. అమ్మమ్మ భయమును మేమెరుగుదుము. పరాయిదేశమున ఒంటరి యాడుపిల్ల జబ్బుపడిన నుదురు తాకిచూచువారుండరు. కాని ఆ తగరపుతొట్టి కథ విని వచ్చిన నాడు ఆ పిల్ల కెదురుగా వాదించుటకు మాకు నోరాడలేదు. "నీవు చేసినదే మంచిది తల్లీ, అమ్మమ్మకు మాత్రము వారము వారము ఫోను చేయుచుండు" మంటిమి.

మన పిల్లల మాట. ఆ రాష్ట్రపు ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో 2014 చివరినుండి బోధనరుసుము సాధారణముగా లేదు. ఆరునెలలకొక చిల్లరరుసుము మాత్రము కట్టవలెను. ఖర్చంతయు తిండికిని, గదికిని. మనదేశమునుండి నేరుగా చదువబోవువారు ఏడాదిఖర్చునకు సరిపడు సొమ్ము ముందే బ్యాంకున నిలువయుంచి చూపవలసియుండును. బంగారము కుదువపెట్టుటకు ముందు తల్లులీ సంగతి లెక్కవేసుకొనవలెను.

ఇక మనదేశముననే చేరి జంటపట్టములు పొందుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2022లో నియమములు చేసిరి. అందులో మూడురకములు. ఒకటి, కొంతచదువు పైదేశమున జరిగినను మన పట్టమొక్కటే వచ్చునది. రెండు, ఇరువురి పేరులును గల యొకే పట్టము. మూడు, ఎవరి పట్టము వారు వేరువేరుగా నిచ్చునది. దీనికే జంటపట్టమని పేరు. ఈ మూడవదానిలో మొత్తము చదువున నూటికి 30 వంతులైన మనదేశపు విద్యాలయముననే చదువవలెను. ప్రకటనలలో మూడింటిని కలగలిపి వ్రాయుట కలదు. కాబట్టి కళాశాలవారి నడుగవలసిన మొదటిప్రశ్న రుసుమెంతయని కాదు, చివరకు చేతికి వచ్చు కాగితములెన్ని, వానిపై సంతకము లెవరివి అని. ఒప్పందపు ప్రతిని చూపుమనుడు. చూపుటకు వెనుదీసినచోట పిల్లను చేర్పింపకుడు.

జర్మనీవైపు చూచు పిల్లయైనచో హైదరాబాదున గోథే కేంద్రమువారు జర్మనుభాష నేర్పుచున్నారు. ఇంటరుపరీక్షలైన వేసవిలోనే మొదలుపెట్టినచో, ఆ ట్రాములోని పిల్లవలె మొదటిపక్షమంతయు గదిలో కూర్చుండి యేడ్వవలసిన పని యుండదు.