దిగులుకు దూరంగా నాలుగు రోజులు

మా అమ్మకు ప్రయాణమంటే తిరుపతి, అన్నవరం, కాశీ. తెల్లవారుజామునే లేవడం, క్యూలో నిలబడటం, ఇరుగుపొరుగుకి పంచడానికి ప్రసాదం సరిపోతుందో లేదో లెక్క చూసుకోవడం. అలాంటి ఆవిడను పోయిన జనవరిలో, సంక్రాంతి సెలవులకు థాయ్‌లాండ్‌ తీసుకెళ్తానన్నాను.

'అక్కడ ఏ దేవుడున్నాడే?' అంది.

'సముద్రం ఉందమ్మా.'

'అది కాకినాడలోనూ ఉందిగా!'

నాకు కావాల్సింది చూడాల్సినవి పెద్దగా లేని ఊరు. నాన్న పక్షవాతంతో మూడేళ్లు మంచంలో ఉన్నారు. రాత్రి రెండింటికోసారి, నాలుగింటికోసారి ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టడం అమ్మ పనే. మేం ఎంత చెప్పినా ఆ పని ఇంకొకరికి వదిలేది కాదు. ఆయన పోయి ఏడాదిన్నర అయినా ఆ రెండు వేళలకూ ఆవిడకు మెలకువ వస్తూనే ఉంది. లేచి, ఖాళీ మంచం వైపు ఓసారి చూసి, వంటింట్లోకెళ్లి డబ్బాలు సర్దుతుంది. ఆ చప్పుడుకి నాకూ మెలకువ వస్తుంది. పటాయా హడావిడి ఆవిడకెందుకని హువా హిన్‌ ఎంచుకున్నాను. అమ్మ, నేను, మా అమ్మాయి. ముగ్గురమే.

హువా హిన్‌ అంటే 'రాతి తల' అని అర్థం. ఒడ్డున బండరాళ్లు ఉంటాయి మరి. బ్యాంకాక్‌ నుంచి దక్షిణంగా సుమారు 200 కిలోమీటర్లు, రైల్లో నాలుగు గంటల ప్రయాణం. 2023 డిసెంబరులో కొత్త స్టేషను మొదలైంది. ఎరుపు, మీగడ రంగులు వేసిన పాత చెక్క స్టేషనును మాత్రం పడగొట్టకుండా పక్కనే ఉంచారు. అచ్చం బొమ్మరిల్లు. 1911లో రైలు వచ్చేదాకా ఇది చిన్న జాలరిపల్లె. ఆ తర్వాత రాజులు, వాళ్ల వెనకే పెద్దింటివాళ్లు వచ్చి బంగళాలు కట్టుకున్నారు. ఆ రాజవంశంలో అందరికీ 'రామ' బిరుదేననీ, ఇప్పుడున్నాయన పదో రామ అనీ చెప్పాక అమ్మ కాస్త తేలికపడింది.

ఏడో రామ ప్రజాధిపోక్‌ 1920ల చివర్లో ఇక్కడ సముద్రం ఒడ్డునే ఓ భవనం కట్టించాడు. దాని పేరు క్లై కంగ్వోన్‌, అంటే 'దిగులుకు దూరం'. 1932 జూన్‌ 24న బ్యాంకాక్‌లో తిరుగుబాటు జరిగి రాజు సర్వాధికారాలు పోయిన రోజున ఆయన సేదతీరుతున్నది ఇక్కడే. 1935లో సింహాసనమే వదులుకున్నాడు.

'పేరు పెడితే సరిపోతుందా?' అంది అమ్మ.

ఆవిడకు బాగా నచ్చింది ఊరికి ఉత్తరాన, చా-అమ్‌ వైపు ఉన్న మృగదాయవన భవనం. బుద్ధుడు తొలిసారి ధర్మం బోధించిన సారనాథ్‌ వనం పేరే దీనిది. కీళ్లవాతంతో బాధపడుతున్న ఆరో రామ, వజ్రాయుధుడు, సముద్రపు గాలి కోసం 1920లలో కట్టించుకున్నాడు. నేలకు ఎత్తులో, గాలాడేలా, అంతా టేకు. మొత్తం 1,080 స్తంభాలు. మేం బయట్నుంచే చూస్తున్నాం. అమ్మ వంగి ఓ స్తంభం మొదలు దగ్గర ఆగిపోయింది. చుట్టూ చిన్న కాలువలాంటి గుంట. చీమలు పైకెక్కకుండా అందులో నీళ్లు నింపేవారట. 'మన పెరుగ్గిన్నె కింద నీళ్ల పళ్లెం లాగానే!' అని ఎంత సంబరపడిందో! నాన్న మంచం కోళ్ల కింద కూడా అలాగే నీళ్ల చిప్పలు పెట్టేది.

వజ్రాయుధుడు అక్కడ గడిపింది రెండు వేసవులే. 1925లో పోయాడు. అది చెబితే అమ్మ ఏమీ అనలేదు. రిటైరయ్యాక వరండాలో ఉయ్యాల వేయిస్తానని నాన్న అంటూ ఉండేవారు. కొక్కేలు మాత్రం బిగించారు.

మిగతా సమయమంతా ఒడ్డునే. గొడుగు కింద కుర్చీలు. మొదటిరోజు అమ్మ గంటకోసారి 'ఇప్పుడెక్కడికి?' అని అడిగింది. 'ఎక్కడికీ లేదు' అంటే ఇబ్బందిగా చీర సర్దుకునేది. వేకువనే మెలకువ వచ్చేసేది కాబట్టి, భిక్షాపాత్రలతో చెప్పుల్లేకుండా నడిచెళ్లే బౌద్ధ భిక్షువులను ముందు చూసింది ఆవిడే. రెండోరోజు అరటిపళ్లు కొని వాళ్ల పాత్రల్లో వేసింది.

తిండికి మొదట తడబడ్డాం. అక్కడ కూరగాయల వంటలోనూ చేపల సాస్‌ పోసేస్తారు. 'జే' అనే మాట నేర్చుకున్నాక బతికిపోయాం. పసుపు గుడ్డమీద ఎర్ర అక్షరం ఉన్న కొట్టయితే మాంసం, చేప, గుడ్డే కాదు, ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. 'కార్తీకమాసం భోజనమే' అని అమ్మ తీర్పు. మామిడిపండు ముక్కలు, జిగురన్నం, పైన తియ్యటి కొబ్బరిపాలు... అదయితే రోజూ రెండుసార్లు.

మూడోరాత్రి నాలుగింటికి అలవాటుగా నాకు మెలకువ వచ్చింది. గదిలో ఏ చప్పుడూ లేదు. భయమేసి దగ్గరికెళ్లి చూశాను. అమ్మ నోరు కొంచెం తెరిచి, మా అమ్మాయి మీద చెయ్యేసి నిద్రపోతోంది. లేచేసరికి ఏడున్నర. 'ఎండెక్కేదాకా లేపకపోతే ఎలాగే?' అని నన్నే కోప్పడింది.

ఆ పూట మా అమ్మాయి ఒడ్డున గుర్రమెక్కింది. గుర్రమతను అమ్మనూ ఎక్కమని సైగ చేస్తే కుచ్చిళ్లు చూపించి నవ్వింది.

ఇంటికొచ్చాక రెండింటి మెలకువ పోలేదు. నాలుగింటిది మాత్రం అప్పుడప్పుడు రావడం లేదు.