తీసుకున్న ఎల్‌సీ తిరిగివ్వాలి

పొద్దున ఆరింటికి లేచి ఫోన్ చూస్తే నలభై మెసేజ్‌లు. మేం నడిపే ఆర్డర్ల సిస్టమ్ మూడు గంటలుగా ఆగిపోయి ఉంది. కారణం చాలా చిన్నది. డేటాబేస్ సర్వర్‌లో డిస్క్ నిండిపోయింది. పాత ఫైళ్లు కొన్ని తీసేస్తే పది నిమిషాల్లో తేలిపోయే పని.

డిస్క్ నిండుతోందని అలర్ట్ రాత్రి 1:40కే వచ్చింది. డ్యూటీలో ఉన్న మా జూనియర్ దాన్ని చూసింది కూడా. మరి నాకెందుకు ఫోన్ చేయలేదు?

మాది ఎనిమిది మంది టీమ్. నేను లీడ్‌ని. ఆ వారం ఇబ్రహీంపట్నంలో మా ఇంటి నుంచే పని చేస్తున్నా. మధ్యాహ్నానికి పైనుంచి మెయిల్ వచ్చింది, దీనికి బాధ్యులెవరని. జవాబు టైప్ చేశాను. అలర్ట్ వచ్చిన టైము, ఆ అమ్మాయి పేరు, పక్కన 'స్పందించలేదు' అని. తన ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదని నాకు తెలుసు. అయినా రాశాను.

భోజనం దగ్గర నాన్నకి ఇదంతా చెప్పాను. మా ఊళ్లో డాబా ఎక్కితే థర్మల్ చిమ్నీలు కనిపిస్తాయి. కాగితాల మీద డాక్టర్ నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం, అందరి నోటా వీటీపీఎస్, మాకు మాత్రం ఉత్త 'థర్మల్'. 1979లో 210 మెగావాట్ల యూనిట్‌తో మొదలైంది. ఈ మధ్య 800 మెగావాట్ల యూనిట్ కూడా వచ్చింది. నాన్న అక్కడ ఆపరేషన్‌లో షిఫ్టులు చేసి రిటైరయ్యారు.

అంతా విని ఒకటే అడిగారు. "ఆ పిల్ల చూసింది, చెప్పలేదు, సరే. డిస్కు అసలెందుకు నిండిందిరా?"

నా దగ్గర జవాబు లేదు. వెళ్లి వెతికాను. పాత ఫైళ్లని రోజూ రాత్రి తుడిచేసే ప్రోగ్రామ్ ఒకటుంది. మా సీనియర్ ఒకతను ఏదో టెస్టింగ్ కోసం రెండ్రోజుల కిందట దాన్ని ఆపాడు. మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి మాకంటూ ఒక చోటు కూడా లేదు.

"అంటే ఎల్‌సీ తీసుకుని తిరిగివ్వలేదన్నమాట" అన్నారు నాన్న.

ఎల్‌సీ అంటే లైన్ క్లియర్. కరెంటోళ్ల ఇళ్లల్లో పెరిగినవాళ్లకి ఈ మాట తెలుసు. ఒక మోటారు రిపేరు చేయాలంటే మెయింటెనెన్స్ వాళ్లు నేరుగా వెళ్లి చెయ్యి పెట్టరు. ముందు కాగితం మీద అడుగుతారు. ఆపరేషన్ వాళ్లు దానికి సప్లై తీసేసి, బోర్డు తగిలించి, పర్మిట్ మీద సంతకం పెట్టి ఇస్తారు. పనయ్యాక తీసుకున్న మనిషే వచ్చి, నా మనుషులంతా బయటికొచ్చేశారని రాసి తిరిగివ్వాలి. అప్పుడే మళ్లీ సప్లై. మధ్యలో షిఫ్టు మారితే ఏ ఎల్‌సీలు బయట ఉన్నాయో లాగ్‌బుక్‌లో ఉంటుంది. వచ్చినవాడు అది చదివి సంతకం పెడతాడు. వాడు రాకపోతే ముందున్నవాడు కుర్చీ వదలడు. చిన్నప్పుడు నాన్న ఎన్నో రాత్రులు ఇంటికి లేటుగా రావడానికి కారణం అదే.

"మరి తప్పు చేసినవాడు లాగ్‌లో రాసేవాడా నాన్నా?"

"రాస్తే తిడతారనుకుంటే ఎవడు రాస్తాడు? రాయని రోజే భయం మాకు."

ఆ సాయంత్రం జూనియర్‌కి ఫోన్ చేశాను. ఎందుకు చేయలేదు అని కాకుండా, ఏం జరిగిందో చెప్పమన్నా. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత చెప్పింది. "పోయిన నెల రాత్రి ఫోన్ చేస్తే, మర్నాడు కాల్‌లో అందరి ముందూ 'ఇది కూడా తెలీదా' అన్నారు కదండీ. అందుకే సొంతంగా ట్రై చేశాను."

ఆ మాట అన్నట్టు నాకు గుర్తు కూడా లేదు.

టైప్ చేసిన మెయిల్ చెరిపేశాను. ప్రోగ్రామ్ ఆపినప్పుడు రాసుకునే పద్ధతి మాకు లేదనీ, అది పెట్టాల్సింది నేనేననీ, రాత్రి ఫోన్ చేయడానికి జంకేలా చేసింది కూడా నేనేననీ రాసి పంపాను. దాని మీద జరిగిన మీటింగ్ ఏమంత బాగా జరగలేదు. ఆ ఏడాది నా రేటింగ్ ఒక మెట్టు తగ్గింది. ఆ మెయిల్ వల్లేనా అని నేను అడగలేదు.

తర్వాత చదివితే తెలిసింది, ఇది కొత్త సంగతేం కాదని. హార్వర్డ్‌లో ప్రొఫెసర్ ఏమీ ఎడ్మండ్‌సన్ 1990లలో ఆస్పత్రి టీమ్‌ల మీద పరిశోధన చేశారు. మంచి టీమ్‌లలో మందుల పొరపాట్లు తక్కువుంటాయనుకున్నారు. లెక్క తిరగబడింది, వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. వాళ్లు ఎక్కువ తప్పులు చేసి కాదు, దాచకుండా చెప్పడం వల్ల. 2012లో గూగుల్ 'ప్రాజెక్ట్ అరిస్టాటిల్' పేరుతో తన సొంత టీమ్‌లనే 180 దాకా పరిశీలించింది. టీమ్‌లో ఎంత తెలివైనవాళ్లున్నారన్నదాని కంటే, భయం లేకుండా నోరు విప్పగలుగుతున్నారా అన్నదే ముఖ్యమని తేలింది.

అప్పటిదాకా టీమ్ బిల్డింగ్ అంటే నాకు రిసార్టు, బిర్యానీ, గ్రూప్ ఫొటో. అవి వద్దనను. కానీ మూడు రిసార్టులు తిరిగొచ్చాక కూడా ఒక పిల్ల నాకు ఫోన్ చేయడానికి భయపడింది.

ఇప్పుడు మాకో లాగ్ ఉంది. మామూలు షేర్డ్ ఫైలే. ఏది ఆపినా పేరు, టైము, ఎప్పుడు తిరిగి ఆన్ చేస్తారో రాయాలి. ఆపినవాళ్లే ఆన్ చేయాలి. డ్యూటీ మారేటప్పుడు పది నిమిషాలు ఇద్దరూ కలిసి అది చదవాలి. మొదటి తప్పు నేనే రాశాను, మిగతావాళ్లకి జంకు పోవాలని. మొదటి రెండు వారాలు నాది తప్ప ఇంకెవరిదీ పడలేదు. మూడో వారం ఆ సీనియర్ ఒకటి రాశాడు.

జూనియర్‌కి ప్రొబేషన్ పూర్తయింది. మొన్నొక రాత్రి 2:10కి ఫోన్ చేసింది. చూస్తే ఏమీ లేదు, ఉత్తుత్తి అలర్ట్. నిద్ర చెడిన చిరాకు గొంతు దాకా వచ్చింది. ఒక్క క్షణం ఆగి, "ఫోన్ చేసి మంచి పని చేశావమ్మా" అన్నాను.

పక్క గదిలోంచి నాన్న గొంతు.

"ఏంట్రా, ట్రిప్పా?"

"కాదు నాన్నా, ఉత్తదే."

"రాసుకున్నారా?"

"ఆ, రాసింది."

"సరే పడుకో" అని అటు తిరిగి పడుకున్నారు.