ఎదురుతన్ను

తుపాకిని గూర్చి బడిపంతులు వ్రాయుట చదువరులకు వింతగా దోచవచ్చును. మాకును వింతగనే యున్నది. మేము జన్మలో చేతబట్టిన ఆయుధము సుద్దముక్క యొక్కటియే. అయినను, మా యింట జరిగిన యొక తప్పు ఈ విషయమును గూర్చి మాకు కొంత చదువు నేర్పినది. దానిని దాచుకొనుట న్యాయము కాదనిపించి వ్రాయుచున్నాము.

మా కాపురము ఆదోనిలో, ఉద్యోగము ఎమ్మిగనూరులో. మూడేండ్ల క్రిందట దసరా సెలవులలో మా బావమఱది పొలమునకు పోయియుంటిమి. వేరుశనగ చేలపై అడవిపందులు పడుచుండుటచే, పంటకాపునకై ఆయన అనుమతిపత్రముతో 12 బోరు తుపాకి నుంచుకొనియుండెను. మా కుమార్తెకు అప్పటికి పండ్రెండేండ్లు. "మామా, నేనొకసారి కాలుస్తా" అని మారాము చేసెను. ఆయన పందులకు వాడెడి తూటానే పెట్టి చేతికిచ్చెను. అది చట్టవిరుద్ధము. 1959వ సంవత్సరపు ఆయుధచట్టము పిన్నవారి చేతికి తుపాకి నిట్లు చనువుగా నిచ్చుటను ఒప్పదు. మేము వారింపలేదు సరికదా, ఛాయాచిత్రము తీయుటకు ఫోను సిద్ధముచేసికొని నిలుచుంటిమి.

తుపాకి ప్రేలినది. మడమ భుజమునుండి జాఱి చెంపను గొట్టినది. పిల్ల సాలులో చతికిలబడెను. "ఆడపిల్ల గదా, తట్టుకోలేదు!" అని బావమఱది నవ్వెను. మేమును నవ్వితిమి.

చెంప వాపు నాలుగు దినములలో తీసినది. ఆ దీపావళికి మాత్రము పిల్ల గడప దాటి రాలేదు. తలుపు దభాలున పడిన కన్నులు గట్టిగా మూసికొనెడిది. మఱుసటి యేడు బడిలో ఎన్.సి.సి.కి పేర్లు వ్రాసికొనునపుడు తన పేరీయలేదు. "మంచిదే, ఆడపిల్లకు తుపాకులేల?" అని మా తల్లిగారు సంతోషించిరి. ఆ సంతోషము చూచిన తరువాతనే మాకు నిద్ర పట్టలేదు.

అమెరికాలో టెక్సాసు రాష్ట్రమున నున్న మా తమ్మునితో ఫోనులో ఈ మాట చెప్పుకొంటిమి. వాడు తన పదేండ్ల కుమారునికి రైఫిలు నేర్పుచున్నాడు. అచ్చట పలువురు తమ తూటాలను తామే తయారుచేసికొందురట. కాల్చిన తూటా యొక్క ఇత్తడిగొట్టమును పాఱవేయక, అడుగున క్రొత్త రంజకపు బిళ్ల నమర్చి, మందును త్రాసున దూచి పోసి, పైన గుండును బిగింతురు. పిల్లవానికైనచో మందును తగ్గించి, గుండునుగూడ తేలికదానిని పెట్టుదురు. వారి తూనిక గ్రెయిను. మన కంసాలి గురిగింజ యెత్తు రమారమి రెండు గ్రెయినులు. (గురి నేర్పుటకు గురిగింజ తూనిక యగుట మాకు ముచ్చటగొలిపినది.) తగ్గింపవలెనని మఱీ తగ్గించిన, గుండు గొట్టము నడుమనే చిక్కుకొనును. అది యెఱుగక రెండవసారి కాల్చిన గొట్టము పగులవచ్చును. అందుచేత పరీక్షించి అచ్చువేసిన పట్టికలలోని తూనికలనే వారనుసరింతురు. "తగ్గించటం కూడా తూచి చెయ్యాలన్నా" అని వాడనిన మాట మాకు మఱపునకు రాలేదు.

మనదేశమున అనుమతిలేక తూటాలు చేయుట నేరము. చేయవలసిన యవసరమును లేదు. పిల్లలకు తగిన తూటా అంగడిలోనే కలదు. అది 22 బోరుది. దాని గుండు రెండున్నర గ్రాములకు కొంచెమెక్కువ. మా పిల్ల కాల్చిన 12 బోరు తూటానుండి వెలువడు సీసము ముప్పది గ్రాములు. రెండింటి వేగములును ఇంచుమించు సమానమే. ముందునకు పోవు బరువెంతయో వెనుకకు తన్నుటయు నంతయే గనుక, మా బిడ్డ తిన్న తన్ను తినదగిన దానికి పదిరెట్లకు పైమాట. ఆ లెక్క కాగితముపై వేసికొన్న రాత్రి మా నవ్వు మాకే వినబడినది. సీసము చేసిన పనిని మేము ఆడుతనమునకు అంటగట్టితిమి! 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో హైదరాబాదు యువతి ఈశా సింగు 25 మీటర్ల పిస్తోలు జట్టు పందెమున బంగారుపతకము గెలిచినది. ఆ పందెమున వాడునదియు ఈ 22 బోరు తూటాయే. దానిని పిల్లల యాటవస్తువని యెవరనగలరు?

మా తరగతిలో నేతవారి బిడ్డలు పలువురు కలరు. ఏ తండ్రియు తొలినాడే బిడ్డను మగ్గపుగుంటలో దింపి పట్టుచీర నేయుమనడు. కండెలు చుట్టించును. మేము చదువుకొన్నచోట శబ్దములకు ముందు బెత్తము వచ్చెడిది. అందుచేత సగముమంది సంస్కృతమనగనే కన్నులు మూసికొనిరి. వారిని మందమతులనిరి.

పోయినయేడు పిల్లను బ్రతిమాలి ఎన్.సి.సి.లో చేర్చితిమి. ఆ సంస్థ 1948లో ఏర్పడగా, 1949లోనే బాలికల విభాగము వచ్చినది. మా తల్లిగారు రెండు దినములు మాతో మాటలాడలేదు. శిబిరమున నేర్పరి మొదట వట్టి తుపాకితోనే చాలసేపు అభ్యాసము చేయించెనట. పిమ్మట తూటాల నడుమ నొక ఉత్తుత్తి తూటాను పిల్లకు తెలియకుండ పెట్టెను. మీట నొక్కగనే ప్రేలుడు లేదు, తన్ను లేదు, కాని గొట్టము మాత్రము క్రిందికి వంగినది. భయము తుపాకిలో లేదు, తన భుజములో నున్నదని పిల్ల తన కన్నులతోనే చూచెను. నేర్పరి నవ్వలేదు. మరల పెట్టుమనెను. సాయంకాలమునకు అయిదు గుండ్లును చేతివెడల్పులో పడినవి. ఇంటికి వచ్చి, "నాయనా, ఇది తన్నలేదు" అనెను.

ఈ దసరాకు మరల ఆ పొలమునకే పోతిమి. బావమఱది తుపాకి తుడుచుకొనుచు, "ఏమమ్మా, మళ్లీ కాలుస్తావా?" అని వేళాకోళమాడెను. పిల్ల చేయి చాపలేదు. "మామా, ఆ తూటాలో సీసమెంత ఉంటుంది?" అని యడిగెను.

ఆయన తూటాను అటునిటు త్రిప్పి చూచి, మావైపు చూచెను.