మాట ఎక్కడి నుంచి రావాలి?

మన ఇళ్లలో గోడకు తగిలించే ప్రతిదానికీ గుమ్మం ఎత్తే కొలత. దేవుడి పటమైనా, తాతగారి ఛాయాచిత్రమైనా, గడియారమైనా తలెత్తి చూడవలసిందే. పటాలకు అది మర్యాద. ఆ మర్యాద టీవీకి కూడా సంక్రమిస్తే మాత్రం మెడకు శిక్ష! మేము ఈ ఫ్లాటులోకి వచ్చేసరికి, పాతవారు వదిలివెళ్లిన బ్రాకెట్టు సరిగ్గా గుమ్మం వరుసలోనే ఉంది. బిగించడానికి వచ్చిన అబ్బాయి కూడా "అందరూ ఇక్కడే పెట్టించుకుంటారండీ" అన్నాడు.

టేపు తీసి లెక్క వేశాను. సోఫాలో కూర్చున్న మనిషి కన్ను నేల నుంచి సుమారు 40 అంగుళాల ఎత్తున ఉంటుంది. ఆ బ్రాకెట్టుకు తగిలిస్తే మా 55 అంగుళాల తెర నడిమి భాగం 80 అంగుళాల దగ్గర పడుతుంది. 9 అడుగుల దూరం నుంచి చూపును 20 డిగ్రీలు పైకెత్తాలి. 15 దాటకపోవడం మంచిదంటారు తెలిసినవారు. తెర మధ్యభాగం 42 అంగుళాల దగ్గరకు వచ్చేలా దింపించాను.

అయితే నా అసలు దిగులు కంటిది కాదు, చెవిది. నాన్నగారు కొన్నాళ్లుగా మాతో కూర్చుని సినిమా చూడడం మానేశారు. "శబ్దం వినబడుతోందిరా, మాటే తెలియడం లేదు" అనేవారు. వయసుతో వచ్చే చెవుడు మొదట హెచ్చు స్థాయి ధ్వనులనే మింగేస్తుంది. అచ్చులు నిలుస్తాయి, స, త, క వంటి హల్లుల అంచులు అరిగిపోతాయి. అందుకే వాల్యూము పెంచితే రొద పెరుగుతుందే గాని మాట తేటపడదు.

హోం థియేటర్లో సంభాషణల భారమంతా దాదాపు సెంటర్ స్పీకరుదే. సినిమా హాల్లో అది సన్నని రంధ్రాలున్న తెర వెనుక ఉంటుంది. మాట పాత్ర పెదవుల నుంచే వచ్చినట్టుంటుంది. తోలుబొమ్మలాటలో తెర వెనుక గొంతును బొమ్మదిగా మనం నమ్మడం లేదూ! గోడ టీవీకి ఆ సౌకర్యం లేదు కనుక, తెరకు వీలైనంత దగ్గరగా, కిందనో పైనో పెట్టాలి. శబ్దం కుడి ఎడమలకు జరిగితే చెవి ఇట్టే పసిగడుతుంది. నిలువు తేడాను అంతగా పట్టించుకోదు. ఆ కాస్త లోటును కన్ను పూడుస్తుంది.

మా స్పీకరును తెర కింది అరలో, అంచు దాకా ముందుకు జరిపాను. లోపలికి ఉంటే చెక్కకు తగిలి తిరిగొచ్చే శబ్దం మాటను మసక చేస్తుంది. ముందు వైపు రబ్బరు ముక్కలు పెట్టి, దాని మొహం 9 డిగ్రీలు పైకి, కూర్చున్నవారి చెవికి ఎదురుగా తిప్పాను. సెంటర్ స్థాయిని మాత్రమే 3 డెసిబెల్లు పెంచాను. ఇక మిగిలింది నాన్నగారి కుర్చీ. స్పీకరులో రెండు ఊఫర్లు పక్కపక్కన ఉంటే, బాగా పక్కకు కూర్చున్నవారికి వాటి ధ్వనులు ఒకదానినొకటి కొంత చెరుపుకుంటాయి. ఎప్పుడూ మూలే కోరుకునే మనిషిని బతిమాలి మధ్యకు తెచ్చాం.

ఆ ఆదివారం 'మాయాబజార్' పెట్టాను. 1957 నాటి సినిమా. 2010లో రంగులతో మళ్లీ విడుదలైంది. అందులోని ప్రియదర్శిని పెట్టె చూసేవారికి ప్రియమైనదాన్నే చూపిస్తుంది కదా. నాకు ఆ రాత్రి అది తెర మీద కాక సోఫా మధ్యలో కనబడింది. ఘటోత్కచుడి పలుకులకు నాన్నగారు మాకంటే ముందే నవ్వుతున్నారు.

వినికిడి యంత్రం పేరెత్తితే కసురుకునే ఆయన, పడుకోబోతూ "చూద్దాం లేరా, ఒకసారి డాక్టరు దగ్గరకు వెళ్దాం" అన్నారు. స్పీకరు చేయగలిగింది అంతవరకే. అదేమంత చిన్నది కాదు.