ఆ ఎనిమిది ఎవరిది?

28 జూలై 2024, ఆదివారం

భోజనాలయ్యాక అందరం టీవీ ముందు చేరాం. పారిస్ ఒలింపిక్స్‌లో మను భాకర్‌కి కంచు. వెండికి 0.1 తక్కువలో ఆగిపోయింది. "ఆ మాత్రానికేనా!" అంది మా ఆవిడ. పది మీటర్ల ఎయిర్ పిస్టల్ టార్గెట్లో రింగుకీ రింగుకీ మధ్య 8 మిల్లీమీటర్లు, అందులో పదో వంతు 0.8, అంటే బియ్యపుగింజ మందమైనా ఉండదు అని చెప్పాను. "అదీ ఒక్క షాట్లో కాదు నాన్నా, ఇరవై రెండు షాట్లూ కలిపితే" అని మా అమ్మాయి సవరించింది. దాని లెక్కే సరి.

నాకు మాత్రం టోక్యో గుర్తొచ్చింది. 2021లో ఇదే అమ్మాయికి మ్యాచ్ మధ్యలో పిస్టల్ లీవరు విరిగింది. బాగు చేయించుకుని వచ్చేసరికి బోలెడు సమయం పోయింది. 575 కొట్టినా ఫైనల్‌కి రెండు పాయింట్లు తక్కువయ్యాయి. ఆ పిల్లకి లీవరు విరిగింది సరే, నాకేం విరిగిందని నిన్న నా స్కోరు 528?

ఆరు నెలలుగా ఇదే వరస. నా బెస్ట్ 541. టెన్, టెన్, నైన్ అని బండి సాఫీగా పోతుంటుంది, ఎక్కణ్ణుంచో ఒక ఎనిమిది ఊడిపడుతుంది, దాని వెనకే ఏడు. ప్రతిసారీ పిస్టల్‌నే అనుమానంగా చూస్తాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. నా దగ్గరికి వచ్చేముందు ఎన్ని చేతులు మారిందో తెలీదు.

4 ఆగస్టు, ఆదివారం

గచ్చిబౌలి రేంజిలో అందరి ఫోన్లలోనూ టర్కీ ఆయన యూసుఫ్ డికెచ్ ఫొటోనే. జేబులో చెయ్యి పెట్టుకుని వెండి కొట్టాడని లోకమంతా ఆశ్చర్యపోతోంది. మా రేంజిలో పిస్టల్ పట్టేవాళ్ళం అందరం జేబులోనో, బెల్టులోనో ఆ చెయ్యి దూర్చేవాళ్ళమే. వేలాడేస్తే భుజం ఊగుతుంది. ఆ ఫొటోలో చూడాల్సింది రెండో చెయ్యి, అదేమో ఎవరికీ పట్టలేదు.

కోచ్‌ గారి దగ్గర నా గోడు వెళ్ళబోసుకున్నాను. నాకన్నా ఇరవై ఏళ్ళు చిన్న. "సార్, మీరు పొలం కొలిచినప్పుడు హద్దు తేడా వస్తే ఏం చేస్తారు? రైతు మీద పడతారా, ముందు మీ మిషన్ చూసుకుంటారా?" అన్నాడు.

సిగ్గేసింది. ఇరవై మూడేళ్ళుగా తింటున్నది సర్వే కూడే. థియోడొలైట్ రోజుల్లో ఫేస్ లెఫ్ట్ ఒకసారి, ఫేస్ రైట్ ఒకసారి చదివి సగటు తీసేవాళ్ళం. పరికరంలో ఉన్న తప్పు చాలామటుకు అక్కడే కొట్టుకుపోయేది. ఇక మిగిలేది మనిషి తప్పు. పిస్టల్‌కి మాత్రం ఆ పరీక్ష ఒక్కరోజూ పెట్టలేదు.

సాయంత్రం ఇంట్లోనే మొదలెడదామని, గుళ్ళు ఆపడానికి బిస్కెట్ల రేకు డబ్బా తీసి, పెయింటర్లు వదిలేసి పోయిన లప్పంతో నింపాను. అది అప్పటికే ఎండి రాయైపోయిందని చూసుకోలేదు. మొదటి గుండే ఎగిరొచ్చి క్యాలెండరుకి తగిలింది. కళ్ళజోడు పెట్టుకునే ఉన్నాను కాబట్టి సరిపోయింది. డబ్బా బయటికెళ్ళిపోయింది, మా ఆవిడ చేతి మీదుగా.

11 ఆగస్టు, ఆదివారం

మధ్యాహ్నం రేంజి ఖాళీగా ఉంటే అడిగి ఒక లేన్ తీసుకున్నాను. బల్ల, కుర్చీ, పాత జీన్స్ కాళ్ళు కత్తిరించి ఇసుక పోసి కుట్టిన రెండు సంచులు. పిస్టల్ చేతిలోనే ఉంటుంది కానీ బరువంతా సంచుల మీద. బ్యారెల్ గానీ గాలి సిలిండరు గానీ సంచికి తగలకూడదు. తగిలితే ప్రతి షాటుకీ ఒక్కోలా ఎగురుతుంది. నేను తగిలించాను. అరగంట వృథా.

మొదటి అయిదు షాట్లూ ఒకే చోట పడ్డాయి. రూపాయి బిళ్ళ కింద దాచేయొచ్చు. "పిస్టల్ బంగారం" అనేశాను. కోచ్ కార్డు మార్చనివ్వలేదు. "ఇంకో అయిదు, ఇదే కార్డు మీద" అన్నాడు. ఆ అయిదుతో బంగారం కాస్తా ఇత్తడయింది. మూడు షాట్లు, అయిదు షాట్లు చూసి మురిసిపోకూడదట. పది తక్కువైతే గ్రూపే కాదట.

వెర్నియర్‌తో కొలిచాను. బయటి అంచు నుంచి బయటి అంచుకి కొలిచి, అందులోంచి గుండు వ్యాసం 4.5 తీసేస్తే మధ్య నుంచి మధ్యకి వస్తుంది. అడ్డం 6.5, నిలువు 14.5. మూడు కార్డులూ ఇంతే. అన్నీ నిలువుగా సాగాయి, పొట్లకాయలా.

రాత్రి డాబా మీద కూర్చుని లెక్క వేశాను. సెకనుకి 150 మీటర్ల వేగమైతే గుండు పది మీటర్లు చేరేలోపు దాదాపు 21.8 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది. 145 అయితే 23.3. అంటే అయిదు మీటర్ల వేగం తగ్గితే ఒకటిన్నర మిల్లీమీటరు కిందికి. నా పొట్లకాయకి ఇదొక్కటే చాలదు. అయినా నిలువుగా సాగిందంటే ముందు చూడాల్సింది గాలినే.

18 ఆగస్టు

టిష్యూ కాగితం సన్నగా చీల్చి గుండు పెట్టే చోట మూత పక్కన పట్టుకుని పేల్చాను. కాగితం రెపరెపలాడింది. ఒక్కో షాటుకి ఒక్కోలా. గాలి గుండు వెనక నుంచి నెట్టాల్సింది పోయి పక్కలకి పారిపోతోంది. పిస్టల్‌ని నేను అనుమానించింది ఊరికే కాదన్నమాట! ఆ సంతోషంలో చపాతీలు రెండు ఎక్కువ తిన్నాను. చేతులు కడుక్కునే తిన్నాను. గుళ్ళు సీసం కదా, ఆ విషయంలో మా ఆవిడ పోలీసే.

20 ఆగస్టు, మంగళవారం

ఆఫీసుకి సగం రోజు సెలవు పెట్టి రాణిగంజ్. అసలు సీలు తెప్పించాలంటే నెలలు పడుతుందన్నారు. హైడ్రాలిక్ సామాన్ల కొట్టులో పాత ఓరింగు చూపించాను. వేలికి చుట్టి, గోటితో నొక్కి, "ఏ బండిది సార్ ఇది?" అన్నాడు కొట్టాయన. బండి కాదు తుపాకీ అనలేక "చిన్న పంపు" అన్నాను. కొలతకి సరిపడేవి గట్టిరకం ఆరు, మెత్తరకం ఆరు ఇచ్చాడు. పన్నెండూ కలిపి టీ ఖర్చంత.

25 ఆగస్టు, ఆదివారం

మెత్తరకంతో మూత బిగుసుకుంది, కానీ నాలుగు రోజులకే అంచు తెగింది. గట్టిరకం కుదిరింది. టిష్యూ కదల్లేదు. గ్రూపు అడ్డం 6, నిలువు 7.

ఊపు మీదుండి గుళ్ళ సంగతి కూడా తేల్చేద్దామనుకున్నాను. నాలుగు రకాల డబ్బాలు, ఒక్కోదానికి మూడు కార్డులు. డబ్బా మార్చిన ప్రతిసారీ ముందు పది గుళ్ళు లెక్కలోకి రావు, బ్యారెల్‌కి కొత్త సీసం అలవాటు పడాలి. ఖరీదైనది గెలవలేదు. రెండో చవక రకం 6.5తో గెలిచింది, ఖరీదైనది 9. పక్క లేన్ కుర్రాడి పిస్టల్లో మాత్రం ఆ ఖరీదైనదే రాణిస్తోంది. సంబంధాలు కలవడంలాంటిదే, జాతకం బ్యారెల్‌ది.

నిన్న ఇంకో పిచ్చి పని చేశాను. వీధి చివర కంసాలి దగ్గరికెళ్ళి ఆయన మిల్లీగ్రాముల త్రాసులో యాభై గుళ్ళు తూచాను. "సీసానికి తరుగు వేయను లెండి" అన్నాడాయన. డబ్బా మీద 0.45 గ్రాములు అని ఉంది. తేడా మహా అయితే వందకి రెండు. ఆ తేడా టార్గెట్ మీద అర మిల్లీమీటరైనా రాదు. ఇక తూచను. గుళ్ళ అంచు నలిగిందా లేదా చూసుకుంటే చాలు.

1 సెప్టెంబరు

వాన. ఇంట్లో కాగితం, పెన్సిలు.

నిలబడి నేను కొట్టిన పది షాట్ల గ్రూపులు, సీలు మార్చకముందువి, సగటున 47 మిల్లీమీటర్లు. అందులో పిస్టల్ వాటా 14.5. సర్వేలో రెండు తప్పులు కలిస్తే ఎలా కూడతామో అలాగే వర్గాలు చేసి, కూడి, మూలం తీయాలి. పిస్టల్ వాటా తీసేస్తే నా చేతి వాటా ఒక్కటే 44.7. ఇప్పుడు పిస్టల్ 7కి దిగింది కాబట్టి మొత్తం 45.3 రావాలి.

నెల రోజుల శ్రమ, రాణిగంజ్ ప్రయాణం, కంసాలి ఎగతాళి, అన్నీ కలిసి నాకు మిగిల్చింది ఒకటిన్నర మిల్లీమీటరు పైచిలుకు. ఇంకో సంగతి. గుండు అంచు తగిలినా టెనే కాబట్టి మధ్య నుంచి ఎటువైపైనా 8 మిల్లీమీటర్ల దాకా టెన్ కిందే లెక్క. అంటే గాలి కారుతున్న రోజుల్లో కూడా ఆ పిస్టల్‌ని బల్లకి బిగిస్తే దాదాపు అన్నీ టెన్‌లే కొట్టేది!

చేతి వాటా పదిహేనో ఇరవయ్యో ఉన్నవాళ్ళకి ఆ సీలు ప్రాణం. హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో వెండి తెచ్చిన మన ఈషా సింగ్ లాంటివాళ్ళకి. నాకు కాదు.

7 సెప్టెంబరు, వినాయక చవితి

బొమ్మ చేయగా మిగిలిన బంకమన్ను పారేయకుండా తడిగుడ్డలో చుట్టి దాచాను. ఆ రేకు డబ్బా మళ్ళీ ఇంట్లోకి వచ్చింది. ఈసారి సాక్షాత్తూ విఘ్నేశ్వరుడి మన్ను కాబట్టి అభ్యంతరం రాలేదు.

15 సెప్టెంబరు, ఆదివారం

519!

ఏం జరిగిందంటే, బుధవారం శుభ్రం చేద్దామని చెక్క పిడి విప్పబోతే దాని స్క్రూ చేత్తోనే తిరిగింది. ఎప్పటి నుంచి వదులుగా ఉందో. బిగించాను. బల్ల మీద గ్రూపు అలాగే ఉంది. నిలబడి కొడితే మాత్రం షాట్లన్నీ ఎడమ వైపు కిందికి, గడియారంలో ఏడు అంకె వైపుకి పోతున్నాయి. సైట్ నాలుగు క్లిక్కులు తిప్పబోతే కోచ్ చెయ్యి పట్టుకున్నాడు. "సైట్ ముట్టుకోకండి సార్. మీ చిటికెన వేలు చూడండి."

చూశాను. తెల్లబడిపోయి ఉంది. పిడి ఊగకుండా ఉంచడానికి ఇన్నాళ్ళూ నా చిటికెన వేలూ ఉంగరం వేలూ గట్టిగా నొక్కిపట్టాయి. నాకు తెలీకుండా, నన్ను అడక్కుండా. ఇప్పుడు పిడి గట్టిగానే ఉంది, వేళ్ళకి ఆ కబురు అందలేదు.

చిన్నప్పుడు నుమాయిష్‌లో బెలూన్ల కొట్టు తుపాకీకి సైట్ వంకరగా ఉండేది. మా నాన్న మొదటి రెండు గుళ్ళూ కావాలనే పోగొట్టుకుని, ఎటు పోతున్నాయో చూసుకుని, అంత పక్కకి గురిపెట్టి ఎనిమిది బెలూన్లలో ఏడు పగలగొట్టేవాడు. అదే తుపాకీకి తిన్నని సైట్ పెట్టి ఇస్తే తిట్టుకునేవాడేమో.

22 సెప్టెంబరు, ఆదివారం

హాలు నుంచి వంటింటి గుమ్మం దాకా ఆరున్నర మీటర్లే ఉంది. ఫరవాలేదు, ఇవాళ గురితో పని లేదు. వంటింటి వైపు తలుపులన్నీ వేసేశాం. అమ్మాయి నా వెనక నిలబడి పిస్టల్ తీసుకుంటుంది, గుండు పెడుతుందో పెట్టదో నాకు తెలీదు, మూసి చేతికిస్తుంది. నేను పేలుస్తాను. స్ప్రింగు తుపాకీతో ఈ పని చేయకూడదు, గుండు లేకుండా పేలిస్తే పిస్టన్ దెబ్బతింటుంది. నాది సిలిండరు గాలిది. వాళ్ళమ్మ పక్కనుంచి ఫోన్లో స్లో మోషన్ తీసింది.

పది సార్లలో నాలుగు ఖాళీవి. నాలుగింటిలోనూ ట్రిగ్గర్ పడే క్షణాన ముందు సైట్ ముక్కు కిందికి వంచింది. వీడియో ఆపి ఆపి చూశాం. వెనక సైట్ గాడిలో అది దిగింది అర మిల్లీమీటరు అనుకుందాం. రెండు సైట్ల మధ్య దూరం 315 మిల్లీమీటర్లు, టార్గెట్ పది వేల మిల్లీమీటర్ల దూరంలో. అర మిల్లీమీటరు అక్కడికి చేరేసరికి దాదాపు 16. తొమ్మిదీ ఎనిమిదీ గీత మీద. పూర్తిగా ఒక మిల్లీమీటరు దిగితే 32, అది ఏడు. అదే చెయ్యి మొత్తం, సైట్లు తిన్నగా ఉండి, అయిదు మిల్లీమీటర్లు పక్కకి ఊగితే టార్గెట్ మీదా అయిదే. అప్పటికీ టెనే. సర్వేలో నేను కుర్రాళ్ళకి ఏడాదికోసారి చెప్పే పాఠమే ఇది. జరిగితే ఫరవాలేదు, తిరిగితేనే కొంప మునుగుతుంది.

"నాన్నా, గుండు లేనప్పుడే భయపడుతున్నావా, ఉన్నప్పుడు కూడానా?" అంది అమ్మాయి.

ఉన్నప్పుడు కూడా అలాగే వంగుతోంది. గుండు ఉంటే ఆ కుదుపులో కలిసిపోయి కనబడదు, అంతే.

12 అక్టోబరు, దసరా

ఆయుధ పూజలో టోటల్ స్టేషను, స్కూటరు, కుట్టు మిషను, పిస్టల్. కుంకుమ బొట్టు పిడికి పెట్టనిచ్చాను, సైట్ దగ్గరికి రానివ్వలేదు.

మూడు వారాలుగా రోజూ రాత్రి తెల్ల గోడకి ఎదురుగా నిలబడి గుండు లేకుండా నలభై సార్లు. టార్గెట్ లేదు, చూడాల్సింది సైట్లొక్కటే. విసుగు. పడ్డాక కూడా రెండు సెకన్లు చెయ్యి దించకూడదు. చిటికెన వేలు ఇప్పుడు వారానికి మూడు రోజులు మాట వింటోంది.

20 అక్టోబరు, ఆదివారం

538. ఏడు ఒక్కటీ లేదు. ఎనిమిదులు ఉన్నాయి.

చిన్న లోకల్ పోటీకి పేరిచ్చానని కోచ్ నా పిస్టల్ తీసుకుని ట్రిగ్గర్‌కి 500 గ్రాముల తూకం తగిలించి పైకెత్తాడు. తూకం లేవకముందే ట్రిగ్గర్ పడిపోయింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ పడింది. అంత బరువూ మోయకపోతే పోటీలో లోపలికే రానివ్వరు. కొన్నప్పటి నుంచీ నాది తేలికగానే ఉందన్నమాట. స్క్రూ ముప్పావు చుట్టు తిప్పాం, నిలబడింది. మళ్ళీ పది షాట్లు కొడితే పిస్టల్ కొత్తదైపోయినట్టుంది, పడాల్సినప్పుడు పడదు.

ఇంటికొచ్చి సరిచూసుకుందామంటే తూకం లేదు. అర లీటరు బాటిల్ నింపి మెడకి దారం కట్టాను. అమ్మాయి దాన్ని వంటింటి త్రాసు మీద పెట్టింది. 517.

"ఖాళీ బాటిల్ బరువు ఎవరు తీసేస్తారు నాన్నా?" అంది. మూత తీసి ఒక గుక్క తాగి మళ్ళీ పెట్టింది. 503. ఇంకో చుక్క తాగింది.